మూడెత్తుల పెద్దాయన

గత ఆదివారం మా ఫెలోషిప్‌లో సాక్ష్యాల సమయానికి నేను లేచి నిలబడ్డాను. మార్చిలో చనిపోయిన ఒక హంగేరీ ముసలాయన గురించి చెప్పడం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు కూడా పూర్తికాకముందే మా సంఘపెద్ద అన్న చెయ్యెత్తాడు.

"సిస్టర్, ఒక్క మాట. ఆయన రక్షింపబడ్డాడా?"

"నాకు తెలియదన్నా."

"బాప్తిస్మం తీసుకున్నాడా పోనీ?"

"చిన్నప్పుడు వాళ్ళమ్మ ఇప్పించిందంట. ఆ తర్వాత గుడి మొహం చూడలేదంట."

"మరింక సాక్ష్యం ఎవరిదమ్మా? మనం దేవుడు చేసిన మేలు చెప్పుకోవాల గానీ లోకస్థుల గొప్పలు గాదు గదా. టైము కూడా అయిపోతంది, హౌస్‌మైస్టర్ వచ్చి తాళం ఏస్తాడు. కూర్చోమ్మా."

కూర్చున్నాను. టైము సంగతి అన్న చెప్పింది నిజమే. ఇక్కడ హాంబర్గ్‌లో ఒక జర్మన్ చర్చివాళ్ళు తమ హాలును ఆదివారం మధ్యాహ్నం మాకు అద్దెకిస్తారు. ఐదయ్యేసరికి కుర్చీలు మడిచి, కాఫీ కప్పులు కడిగి బయటపడాలి. మిగిలిన మాట మాత్రం నేను ఒప్పుకోను. మా తాత బాపట్ల దగ్గర పల్లెలో తాటాకు పందిరి కింద ముప్పై ఏళ్ళు వాక్యం చెప్పిన మనిషి. నేను ఆరో ఏటనుంచి సండేస్కూల్లో కంఠస్థ వాక్యాలకు బహుమతులు తెచ్చుకున్నదాన్ని. దేవుడు తన పని చేయించుకునేముందు మా ఫెలోషిప్ హాజరుపట్టీ చూస్తాడని ఏ లేఖనంలోనూ చదవలేదు. నోటితో చెప్పనివ్వలేదు కాబట్టి రాస్తున్నాను.

నేను ఎల్బే నదికి దగ్గర్లో ఒక వృద్ధుల హోములో నర్సుని. ఆయన రెండో అంతస్తులో చివరి గదిలో ఉండేవాడు. ఎనభై నాలుగేళ్ళు. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి, ఎప్పుడూ ఏదో వినబడనట్టు తల పక్కకు వాల్చి ఉండేవాడు. చెవులు మాత్రం బాగా పనిచేసేవి. పదహారేళ్ళ వయసులో సరిహద్దు దాటి వచ్చి, ఈ ఊరి ఓడరేవులో క్రేను నడిపి రిటైరయ్యాడని ఫైల్లో ఉంది. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. జర్మన్ల పద్ధతిలోనే నర్సులందర్నీ 'ష్వెస్టర్' అనేవాడు.

నేను మొదటిరోజు ఆయన గదిలోకి వెళ్ళేసరికి కిటికీ దగ్గర బల్ల మీద చదరంగం బల్ల పరిచి ఉంది. పలకరింపుగా అడిగాను.

"మీరు చదరంగం ఆడతారా?"

"ఆడను."

"మరి ఈ బల్ల?"

"ఆడేవాళ్ళు వేరు ష్వెస్టర్. వాళ్ళకి ఎదుటివాడు ఓడిపోవాలి. నాకు ఎవరూ ఓడిపోనక్కర్లేదు. నేను సమస్యలు కడతాను."

"కట్టడమేంటి?"

"ఇల్లు కట్టినట్టు. కట్టి, తలుపు ఎక్కడుందో చెప్పకుండా వదిలేస్తాను."

ఆయన పని ఏమిటో నాకు అర్థం కావడానికి నెల పట్టింది. బల్ల మీద కొన్ని పావుల్ని అమర్చి, తెల్లవాళ్ళు మూడెత్తుల్లో ఆటకట్టించాలి అంటారు. నల్లవాళ్ళు ఏం చేసినా సరే, మూడో ఎత్తుకు రాజు దొరికిపోవాలి. అలాంటి మొదటి ఎత్తు ఒకే ఒక్కటి ఉండాలి. రెండోది కూడా పనిచేసిందంటే ఆ సమస్య చచ్చిపోయినట్టే. మన అవధానాల్లో సమస్య ఇచ్చినట్టే, ఇవ్వడంలోనూ ఒక విద్య ఉంది. ఈయన అరవై ఏళ్ళుగా ఇచ్చేవైపు కూర్చున్నాడు. ఆ సమస్యలు అచ్చువేసే పత్రికలు కూడా ఉన్నాయి. పలచటి పత్రికలు, పేజీ పేజీకీ గడులే. అవి ఆయనకు పోస్టులో వచ్చేవి.

"ఒకే ఒక్క దారి," అన్నాడు ఒకసారి నా మెళ్ళో సిలువ చూస్తూ. "మీ దేవుడు కూడా రెండు పరిష్కారాలు ఒప్పుకోడట కదా? కనీసం ఆ ఒక్క విషయంలో మా ఇద్దరికీ పొత్తు కుదురుతుంది."

"నవ్వులాటకి కూడా అట్లా అనకండి."

"నవ్వులాట కాదు. మా పత్రికలో అయితే ఆయనకి ప్రోత్సాహక బహుమతి ఇచ్చేవాణ్ణి."

నాకు కోపం వచ్చింది. అయినా ఆ మధ్యాహ్నం ఇంటినుంచి తెచ్చుకున్న కందిపొడి ఆయన ఉడికించిన బంగాళాదుంపల మీద కాస్త చల్లాను. ఆయన ఒక ముద్ద తిని, కళ్ళు తుడుచుకుని, చెంచా పైకెత్తి, "ఈ భవనంలో నాకు దొరికిన మొదటి నిజాయితీపరురాలు ఈ పొడి," అన్నాడు. అప్పట్నుంచి గురువారం గురువారం చిన్న డబ్బాలో తెచ్చేదాన్ని. ఇలాంటివి ఇవ్వకూడదని హోములో రూలుంది. ఉండనీ.

ఆయన చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండేవి కావు. భోజనాల గదిలో ఉప్పుడబ్బా, మిరియాల డబ్బా, ఎదుటివాళ్ళ మందుల గిన్నె, అన్నీ గడుల్లోకి జరిగిపోయేవి. ఎదురుగా కూర్చునే ముసలామె రోజూ కేకలేసేది, "నా బీపీ మాత్ర ఏదీ?" అని. "మాట్లాడకమ్మా, అది ఇప్పుడు నల్ల గుర్రం," అనేవాడు.

కొత్త సంవత్సరం పార్టీలో మా మేనేజరమ్మ మైకు పట్టుకుని "మన చదరంగం ఛాంపియన్" అని పరిచయం చేసింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఈయన కర్ర మీద ఆనుకుని లేచి, "పొరపాటు. నేను ఎవర్నీ ఓడించలేదు. దయచేసి చప్పట్లు వెనక్కి తీసుకోండి," అన్నాడు. ఆయన నిలబడే ఉన్నాడు. చివరికి ఆవిడ క్షమాపణ చెప్పాక కూర్చున్నాడు.

ఒక డాక్టరు జ్ఞాపకశక్తి పరీక్షకు వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"ఈరోజు ఏ వారమో చెప్పగలరా?"

"మీకు తెలియకపోతే వెనక గోడకి క్యాలెండర్ ఉంది."

"మూడు మాటలు చెబుతాను, గుర్తుంచుకోండి. నిమ్మకాయ, తాళంచెవి, బంతి."

"ఎందుకు?"

"పరీక్ష కోసం."

"నాకు నాలుగెత్తుల సమస్య ఒకటివ్వండి, గుర్తుంచుకుంటాను. నిమ్మకాయలు మీరే ఉంచుకోండి."

డాక్టరు ఫైల్లో 'మతిమరుపు మొదలైంది, సహకరించడం లేదు' అని రాసి వెళ్ళిపోయాడు. రెండో మాట నిజం. మొదటిదాన్ని మేమంతా నమ్మేశాం. ఆ నమ్మకం తర్వాత ఆయనకెంత అడ్డొచ్చిందో చెబుతాను.

ఆయనకు కొన్ని పట్టుదలలుండేవి. మొదటి ఎత్తులోనే ఎదుటి రాజుకు చెక్ పెట్టకూడదు. మొదటి ఎత్తులో దేన్నీ చంపకూడదు. "అది గూండాల పని." మరి మంచి మొదటి ఎత్తు ఏది? నల్లరాజుకు అంతకుముందు లేని రెండు గడులు ఖాళీ చేసి ఇచ్చేది. "స్వేచ్ఛ ఇచ్చి పట్టుకోవాలి ష్వెస్టర్. కట్టేసి కొట్టడం పోలీసువాడికి కూడా వచ్చు. నేను చూశాను." ఆ మాట అన్నప్పుడు కిటికీవైపు తిరిగాడు. పదహారేళ్ళకే సరిహద్దు ఎందుకు దాటాడో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

సరైన దారికంటే తప్పు దారుల మీద ఆయనకు మక్కువ ఎక్కువ. అచ్చం సరైనదానిలాగే కనబడి, ఒకే ఒక్క జవాబుతో కూలిపోయే ఎత్తు ప్రతి సమస్యలోనూ ఒకటైనా ఉండాలి. "తప్పు దారి అందంగా లేకపోతే సరైన దారి ఎంచుకోవడంలో ఘనత ఏముంది?" అనేవాడు. శోధన గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఇదే మాట ఫెలోషిప్‌లో చెప్పబోయి ఒకసారి మా ఆయన చేత మోచేత్తో పొడిపించుకున్నాను.

పోయిన డిసెంబరులో ఆయన సమస్యకి ఒక పత్రిక పోటీలో మొదటి బహుమతి వచ్చింది. డబ్బేమీ ఉండదు, ఒక కాగితం, అచ్చులో పేరు. మూడెత్తుల సమస్య. తెల్ల మంత్రి బల్ల మధ్యలోంచి దూరపు మూలకు వెళ్ళిపోతుంది, నల్లరాజుకు రెండు దారులు తెరుచుకుంటాయి, ఎటు వెళ్ళినా గుర్రాలు ఎదురొస్తాయి. తీర్పరి దాన్ని ఆకాశానికెత్తాడు. మేనేజరమ్మ నోటీసుబోర్డుకి ఆయన ఫొటో పెట్టించి, గడుల కేకు తెప్పించింది. "వరుసకి ఏడే గడులున్నాయి. ఎనిమిది ఉండాలి," అన్నాడు ఆయన కేకును చూసి. కానీ రెండు ముక్కలు తిన్నాడు. ఆ వారమంతా నడవాలో ఆయన ఈల వినబడింది.

ఇక్కడ వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. తీర్పు అచ్చయిన రోజు బహుమతి ఖాయం కాదు. ఆ తర్వాత మూడు నెలలు గడువిస్తారు. ఇందులో తప్పుందని గానీ, ఇదే ఆలోచన ఇంతకుముందే ఎవరో చేశారని గానీ లోకంలో ఎవరైనా రాయవచ్చు. రుజువైతే బహుమతి పోతుంది. ఎవరూ రాయకపోతే నిలుస్తుంది.

జనవరిలో ఒక ఉదయం నేను ఆయన కాళ్ళకు బిగుతు మేజోళ్ళు ఎక్కిస్తున్నాను. ఒక కాలు అయింది. రెండోది లాగుతుండగా ఆయన నా భుజం పట్టుకున్నాడు. గోళ్ళు దిగాయి.

"పొయ్యి," అన్నాడు.

"చలేస్తోందా?"

"కాదు. పొయ్యి మీద గోడ. దానికి అంటించిన కాగితం."

అప్పుడు చెప్పాడు. వాళ్ళ ఊరి రైల్వేగేటు దగ్గర ఒక కాపలాదారు ఉండేవాడు. ఆయనకు పావులు నేర్పింది అతనే. అతను కట్టిన సమస్య ఒకటి ఆ ఊరి ఆదివారం పేపర్లో పడితే, కత్తిరించి గుడిసెలో పొయ్యి పైన అంటించుకున్నాడు. పద్నాలుగేళ్ళ ఈయన ఆ చలికాలమంతా అక్కడ చేతులు కాచుకుంటూ దాన్ని చూశాడు. తెల్ల మంత్రి మూలకు పోతుంది. రాజుకు రెండు గడులు. రెండు గుర్రాలు.

"డెబ్భై ఏళ్ళు నా బుర్ర దాన్ని దాచిపెట్టి, ఇప్పుడు నాదేనని చెప్పి నాకే ఇచ్చింది."

"తెలిసి చేసింది కాదుగా! దొంగతనం ఎట్లా అవుతుంది?"

"నిన్నటివరకు కాదు. ఈ ఉదయం ఏడున్నరనుంచి దొంగతనమే. మేజోడు వేయండి, నేను ఉత్తరం రాయాలి."

రాశాడు. చేతులు వణకడంతో ఒక పేజీకి రెండు రోజులు పట్టింది. ఈమెయిల్ చేద్దామంటే వినలేదు, సంతకం లేని మాట మాట కాదన్నాడు. కవరు అంటించి పోస్టుడబ్బాలో వేయమని నాకిచ్చాడు.

నేను వేయలేదు.

ఆప్రాన్ జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. నా లెక్క నాకుంది. ఫైల్లో మతిమరుపు అని రాసుంది. ముసలితనంలో లేనివి ఉన్నట్టు అనిపిస్తాయి, రోజూ చూస్తూనే ఉంటాను. ఆయనకు మిగిలిన ఒక్క సంతోషాన్ని ఆయన చేత్తోనే చెరిపించడం నాకిష్టం లేదు. ఇదంతా ప్రార్థనలో కూడా చెప్పాను, మోకాళ్ళ మీద, కన్నీళ్ళతో. ప్రేమగలదాన్నని నాకు నేనే అనుకున్నాను.

ఐదో రోజు రక్తపోటు చూస్తుంటే అడిగాడు.

"మన వీధి పోస్టుడబ్బా ఎన్నింటికి తెరుస్తారు?"

"సాయంత్రం ఐదింటికి."

"నేను మీకు ఉత్తరం ఇచ్చిన సోమవారం కూడానా?"

ఆయన నా మొహం చూడలేదు, జేబువైపు చూశాడు. కవరు మూల పైకి కనబడుతోంది.

"మీరు పొద్దున్నే నాకోసం ప్రార్థన చేస్తానన్నారు. దీని గురించి చెప్పారా మీ దేవుడికి?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"అనడు. ఆయనకి జేబు కనబడుతూనే ఉంది, ఇంకేమంటాడు?"

అరవలేదు. పట్టీ విప్పి నా చేతిలో పెట్టి, "ఇప్పుడు వెళ్ళండి. వర్షం వస్తోంది, గొడుగు తీసుకోండి," అన్నాడు. గొడుగు లేకుండానే పరిగెత్తాను. వెళ్తూ నన్ను నేను చూసుకున్నాను. పాపం ఒప్పుకోలు గురించి ఎందరికో చెప్పినదాన్ని, ఒక మనిషి ఒప్పుకోలును నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. అది కూడా దయ పేరుతో. గుడి మొహం చూడని మనిషి నన్ను సరిచేశాడు. ఇది దేవుడు చేసిన మేలు కాకపోతే మరేమిటో మా అన్న చెప్పాలి.

పత్రికవాళ్ళ జవాబు పది రోజులకొచ్చింది. చాలా మర్యాదగా రాశారు. మీ నిజాయితీకి నమస్కారం, కానీ ఆ పాత సమస్య మా దగ్గరున్న ఏ సేకరణలోనూ లేదు, డెబ్భై ఏళ్ళనాటి జ్ఞాపకం పొరబడవచ్చు, రుజువు లేనిదే అభ్యంతరం స్వీకరించలేం, బహుమతి మీదే.

ఆయన ఆ కాగితాన్ని బల్లకేసి కొట్టాడు. పావులు కిందపడ్డాయి.

"నా బహుమతిని నమ్ముతారట! నా జ్ఞాపకాన్ని నమ్మరట! రెండూ ఒకే బుర్రలోంచి వచ్చాయి కదా!"

"పోనీలెండి," అన్నాను పావులు ఏరుతూ. "మీరు చెప్పాల్సింది చెప్పారు. మీ చేతులు కడుక్కున్నట్టే కదా?"

"చేతులు కడుక్కోవడానికి రాశాననుకున్నారా? ఆ గేటు కాపలావాడి పేరు ఎక్కడా లేదు ష్వెస్టర్. ఒక్క పుస్తకంలో లేదు. ఆయన అచ్చులో పడింది జన్మలో ఒక్కసారి. అది కూడా ఇప్పుడు నా పేరుతో పడింది. నేను చచ్చేలోపు అది ఊడిరావాలి."

బహుమతి కోసం పోట్లాడేవాళ్ళను చూశాను. పోగొట్టుకోవడానికి ఇంత పోరాడిన మనిషిని ఈయన్నే చూశాను. వాళ్ళ ఊరి గ్రంథాలయానికి హంగేరియన్‌లో ఉత్తరం రాశాడు. పేపరు పేరు, ఏ చలికాలమో, ఆదివారం సంచిక, ఎన్నో పేజీ, అన్నీ. తిరుగు చిరునామా దగ్గర మా ఇంటి చిరునామా వేయించాడు.

"ఇక్కడికే తెప్పించుకోవచ్చుగా?" అన్నాను.

"నల్లవాళ్ళ ప్రతి జవాబుకీ ఏర్పాటు ఉండాలి. నేను చచ్చిపోవడం కూడా ఒక జవాబే. అప్పుడు ఈ హోమువాళ్ళు నా ఉత్తరాలు వెనక్కి పంపేస్తారు."

ఫిబ్రవరి చివర్లో ఆయనకు న్యుమోనియా వచ్చింది. ఆసుపత్రికి పోనన్నాడు, సంతకం పెట్టేశాడు. రోజూ నేను తలుపు తీయగానే ఒకటే మాట. "వచ్చిందా?" రాలేదు. ఒక మధ్యాహ్నం కుర్చీ దగ్గరకు లాక్కుని, ప్రార్థన చేయనా అని అడిగాను. అంతకుముందు మూడుసార్లు వద్దన్నాడు.

"ఒక షరతు," అన్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "మొదటి వాక్యంలోనే చెక్ పెట్టకూడదు."

నేను నవ్వాను, ఏడ్చాను కూడా. నరకం గురించీ మారుమనసు గురించీ ఎత్తలేదు. ఉత్తరం రావాలని ప్రార్థించాను. దూరదేశంలో ఎవరో తెలియని ఒక గ్రంథాలయ ఉద్యోగి చేతులకు ఓపిక ఇమ్మని అడిగాను. ఆ గేటు కాపలాదారు పేరు పలికాను, ఆయన నేర్పిన ఉచ్చారణతోనే. నేను ఆమెన్ అన్నాక కూడా ఆయన కళ్ళు మూసుకుని తల పక్కకు వాల్చి ఉన్నాడు, వింటున్నట్టు. ఐదు రోజుల తర్వాత వెళ్ళిపోయాడు.

అంత్యక్రియలకు ఆరుగురం వెళ్ళాం. గాలికి గొడుగులు తిరగబడుతున్నాయి. ఆయన ముందే రాసిపెట్టుకున్న ప్రకారం పేరు లేని పచ్చిక కింద పెట్టారు.

ఆ తర్వాతి గురువారం మా పోస్టుపెట్టెలో హంగేరీ స్టాంపులున్న కవరు పడింది. లోపల పాత పేపరు పేజీ నకలు. మసకగా ఉంది, కానీ గడులు స్పష్టంగా ఉన్నాయి, కింద పేరుంది. నేను వంటింటి బల్ల మీద రెండు సమస్యలనూ పక్కపక్కన పెట్టి పావు పావుకీ వేలు పెట్టి చూశాను. మంత్రి అదే. గుర్రాలవే. రాజు అదే గడిలో. ఒక్క బంటు మాత్రం, ఆయన చెప్పినట్టే, ఒక గడి పక్కకుంది. ఆయన బుర్రలో మతిమరుపే లేదు. మేమంతా రాసిపెట్టుకున్నాం, అంతే.

గడువు ఇంకా నాలుగు రోజులుంది.

మా ఆయన కీటా అనే పిల్లల బడి నుంచి పాపను తీసుకొచ్చి, కాగితాలు చూసి విషయం అడిగి తెలుసుకున్నాడు.

"ఏందే ఇది? మనిషి పోయినాక ఇంకెందుకు? పత్రికోళ్ళే బహుమతి ఆయనదే అన్నారు గదా. పైగా బంటు తేడా ఉందంటన్నావు. అదీ ఇదీ ఒకటి కాదులే అనుకుంటే పోతదిగా."

"ఒక బంటు పక్కకుంటుందని ఆయనే ముందు చెప్పాడు. అయితే అదీ ఇదీ ఒకటి కాదుగా అంటే, దొంగ టోపీ మార్చినంత మాత్రాన ఇంకో మనిషైపోతాడా అన్నాడు."

"ఆయన అన్నాడు సరే. నువ్వేమంటావు?"

అప్పటికి నాకూ తెలియదు. ఆయనకు ఈ భూమ్మీద మిగిలిన గుర్తు ఆ ఒక్క పేజీ. సమాధి మీద పేరు లేదు. పంపితే అదీ పోతుంది, నా చేత్తోనే. పంపకపోతే అడిగేవాళ్ళు లేరు. లోకంలో ఆ రెండు కాగితాలూ కలిసి ఉన్నది మా వంటింట్లోనే. సంఘపెద్ద అన్నకు ఫోన్ చేశాను. చెడ్డవాడు కాదు. నాకు వీసా కష్టాలొచ్చినప్పుడు టెర్మిన్ కోసం, అదే అపాయింట్‌మెంట్ కోసం, నాతో రెండు రోజులు నిలబడ్డాడు.

అంతా విని అన్నాడు, "సిస్టర్, ప్రేమ తప్పుల్ని కప్పుద్ది. చచ్చిపోయినాయన పరువు బజారుకీడ్చడం మనకెందుకు? ఆయన ఎట్లాగూ మనోడు గాదు, ఆ గేటు దగ్గరాయన అసలే గాదు. ప్రార్థన చేసుకుని కాగితాలు పక్కన పెట్టెయ్."

"ఒకసారి ప్రార్థన చేసుకుని జేబులో పెట్టుకున్నానన్నా. సిగ్గుతో చచ్చిపోయా."

"అదీ ఇదీ ఒకటేనా?"

"ఒకటే. నేను కప్పింది ఆయన తప్పు కాదన్నా, ఆయన ఒప్పుకోలు. తప్పు ఆయనే ఎప్పుడో బయట పెట్టాడు. మనం ప్రతి ఆదివారం ఒప్పుకోండి, ఒప్పుకోండి అంటాం. ఒకడు ఒప్పుకుంటే నోరు మూస్తామా? మనోడు కాదని మూస్తామా?"

"ఏందమ్మా, నాకే ప్రసంగం చెప్తన్నావా?"

"చెప్తున్నానన్నా. కోపం తెచ్చుకోవద్దు. పంపుతున్నా."

ఆయన ఫోన్ పెట్టేశాడు. నేను బి టూ పరీక్ష పాసైన నా జర్మన్‌తో నాలుగు వాక్యాలు రాశాను. ఈ అభ్యంతరం నాది కాదు. ఇది సమస్య కట్టినాయనదే. ఆయన ఈ నెలలో చనిపోయారు, కానీ మాట మార్చుకోలేదు. రుజువు జతచేశాను. ఫోన్‌తో ఫొటోలు తీసి అప్పుడే మెయిల్ పంపాను. నమ్మకం చాలక మర్నాడు డ్యూటీకి వెళ్తూ రిజిస్టర్ పోస్టులో కూడా పంపాను. కౌంటరులో అమ్మాయి విలువైనదేమైనా ఉందా అని అడిగింది. ఉందన్నాను. ఎంత అని అడిగింది. డబ్బుల్లో కాదన్నాను. మామూలు రిజిస్టర్ చీటీ అతికించింది.

పత్రిక తుది తీర్పు జూన్‌లో వచ్చింది. నాకూ ఒక ప్రతి పంపారు. మొదటి బహుమతి దగ్గర గీత కొట్టి ఉంది, ఎవరికీ ఇవ్వలేదు. రెండో బహుమతివాణ్ణి పైకి జరపలేదు కూడా. కింద అరపేజీలో ఆ రైల్వేగేటు కాపలాదారు సమస్య, ఆయన పూర్తి పేరు, ఊరు, పేపరు పేరు, అన్నీ నల్లగా, తప్పు లేకుండా. ఇకమీదట ఈ ఆలోచనకు ఈయనే కర్త అని సంపాదకుడు రాశాడు. మా పెద్దాయన పేరు కోసం పేజీ అంతా వెతికాను. ఒక్కచోటే ఉంది, అట్టడుగున, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో: అభ్యంతరం తెలిపినవారు.